ఉప్పునేలయు చిక్కుడుజాతి పైరులును

గోదావరి, కృష్ణా డెల్టాలలో వరికోతకు కొలదిదినములు ముందుగా, నేలలోని తడి యారకమునుపే, నిలిచియున్న వరిదుబ్బుల నడుమ మినుములో పెసలో చల్లుట కృషీవలులకు పరిపాటి. దుక్కి యక్కరలేదు, నీరు పెట్టుట లేదు. వరి విడిచిన తేమతోడనే ఆ పైరు పండవలయును. యానాము పరిసరములందలి విద్యార్థులకు ఈ దృశ్యము క్రొత్తది కాదు. అయితే సముద్రమునకు దగ్గఱగా పోయినకొలది ఈ పైరునకు కష్టము హెచ్చును. వరి ఏదో విధముగా తట్టుకొనిన మడిలోనే మినుము మొలకెత్తి, నాలుగాకులు వేసి, ఆకుల అంచులు మాడి, గిడసబారి నిలిచిపోవును. కారణము నేలలోని ఉప్పు.

తీరభూములకు ఉప్పు చేరు దారులు పెక్కు. పోటు సమయమున సముద్రపు నీరు ఏటిపాయలలోనికి ఎగదన్నుట ఒకటి. వేసవిలో నేల యడుగునగల ఉప్పునీరు సన్నని రంధ్రముల వెంట పైకి ప్రాకి, తాను ఆవిరియై, ఉప్పును మాత్రము పైపొరలో విడిచిపోవుట మఱియొకటి. రొయ్యలచెరువుల ఊట ఇటీవలి దశాబ్దములలో వచ్చి చేరినది. తుపానుల మాట చెప్పనేల? 1996 నవంబరు 6వ తేదీన కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన పెనుతుపానులో సముద్రమే పొలముల మీదికి నడచివచ్చినది.

ఉప్పు అన్ని పైరులను సమానముగా బాధింపదు. నేలనుండి తీసిన ద్రావణము విద్యుత్తును ఎంత సులభముగా ప్రసరింపనిచ్చునో కొలిచి, దానినిబట్టి ఉప్పు పాలును నిర్ణయింతురు. ఆ కొలతకు మీటరునకు డెసిసీమెన్సు అని పేరు. ఈ వ్యాసములో దానిని 'ప్రమాణము' అని మాత్రమే అందము. 4 ప్రమాణములు దాటిన నేల ఉప్పునేలగా ఎన్నబడును. అమెరికా శాస్త్రజ్ఞులు మాస్, హాఫ్‌మన్ అనువారు అంతకుముందు జరిగిన ప్రయోగములను క్రోడీకరించి 1977లో ఒక పట్టిక ప్రకటించిరి. అందు ప్రతి పైరునకు రెండంకెలు కలవు. ఎంత ఉప్పు వరకు దిగుబడి తగ్గదో మొదటి యంకె తెలుపును. ఆ హద్దు దాటినపిమ్మట ఒక్కొక్క ప్రమాణమునకు నూటికి ఎంత తగ్గునో రెండవది తెలుపును. బార్లీకి అవి 8, 5. వరికి 3, 12. సోయాచిక్కుడునకు 5, 20. వేరుశనగకు 3.2, 29. ఫ్రెంచి చిక్కుడునకు 1, 19.

ఈ యంకెలతో ఒక లెక్క చేసి చూడవచ్చును. నేలలో ఉప్పు 5 ప్రమాణములున్నదనుకొందము. బార్లీకి నష్టమే లేదు. వరి హద్దును 2 ప్రమాణములు దాటినది గాన 24 పాళ్లు తగ్గును. వేరుశనగ 1.8 ప్రమాణములే దాటినను 52 పాళ్లు పోవును. ఫ్రెంచి చిక్కుడు 76 పాళ్లు నష్టపోవును. సోయాచిక్కుడు అప్పటికి హద్దుమీద నిలిచియుండును. కాని మఱి రెండు ప్రమాణములు పెరిగినచో 40 పాళ్లు కోల్పోవును. ఇవి సగటు లెక్కలు. పైరులోని రకమునుబట్టి మారును. ఆ మార్పుననే అసలు విశేషమున్నది. దానిని ముందు చూతము.

ఉప్పు మొక్కను రెండు విధములుగా పీడించును. మొదటిది దప్పిక. నేలలోని నీటియందు ఉప్పు హెచ్చినకొలది, ద్రవాభిసరణ నియమముచే, వేరునకు ఆ నీటిని లాగుకొనుట కష్టమగును. కాళ్లక్రింద తడియుండియు మొక్క దాహముతో అలమటించును. రెండవది విషము. సాధారణపు ఉప్పు నీటిలో సోడియముగను క్లోరైడుగను విడిపోయి వేరుల ద్వారమున లోనికి వచ్చి, దినదినమును ఆకులలో పేరుకొనును. సోడియము పొటాసియమునకు దాయాది వంటిది. రూపమున పోలిక కలదు, గుణమున లేదు. ఏబదికి పైగా ఎంజైములు పొటాసియము చెంతనున్నగాని పని చేయవు. సోడియము దాని చోటును ఆక్రమించినంతనే ఆ పనులు చెడును. ముదురాకుల అంచులు ముందుగా మాడుటకు కారణమిదే: ఎక్కువ కాలము నీటిని ఆవిరిగా విడిచిన ఆకులోనే ఎక్కువ ఉప్పు చేరియుండును.

చిక్కుడుజాతికి ఈ రెంటికి తోడు మూడవ కష్టమొకటి కలదు. వీని వేరుల బుడిపెలలో నివసించు రైజోబియము అను సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారముగా మార్చియిచ్చునని మీరు చదివియున్నారు. ఆ సూక్ష్మజీవులలో పెక్కు మొక్కకంటె ఎక్కువ ఉప్పును ఓర్చుకొనగలవు. కాని అవి వేరువెండ్రుకలలో ప్రవేశించుట, అక్కడ బుడిపె యేర్పడుట అను క్రియలు మాత్రము ఉప్పునకు సులభముగా చెడును. అతిథి ద్వారమున నిలిచియున్నను ఇల్లాలు తలుపు తీయలేని స్థితి యది. అందుచే ఉప్పునేలలోని మినుము ఒకప్పుడు మాడక బ్రతికినను నత్రజని చాలక పసుపువారును.

ఇక మొక్క తన్ను తాను కాపాడుకొను ఉపాయములు. లోనికి వచ్చిన సోడియమును వేరు వద్దనే వెలుపలికి నెట్టివేయుట ఒక ఉపాయము. తప్పించుకొని దారువులో ప్రవేశించి పైకి పోవుచున్నదానిని నడిమార్గమున పట్టి వేరులోనే నిలుపుట రెండవది. అప్పటికిని ఆకును చేరినదానిని కణమునడుమ నుండు రిక్తికలో పెట్టి తలుపు బిగించుట మూడవది. ఈ పనులను చేయునవి కణపొరలలో అమరియుండు మాంసకృత్తులు. ఒక్కొక్క మాంసకృత్తును ఎట్లు కూర్పవలయునో తెలుపు డి.ఎన్.ఏ. వ్రాతయే జన్యువు.

ఈ జన్యువులు ఒంటరిగా నుండవు, కుటుంబములుగా నుండును. ఆ కుటుంబము ఎట్లేర్పడునో తెలిసికొనుట ముఖ్యము. కణవిభజనలో జరుగు పొరపాటున ఒక జన్యువునకు రెండు ప్రతులు రావచ్చును. ఒకప్పుడు ఒక్క జన్యువు కాదు, మొక్కలోని క్రోమోసోములన్నియు రెట్టింపగును. ఒక ప్రతి పాతపనిని చేయుచుండగా రెండవ దానికి బాధ్యత తగ్గును. అది చెడిపోయి మూగపోవచ్చును. పాతపనిలో భాగము పంచుకొనవచ్చును. అక్షరములు మారి మారి క్రొత్తపని నేర్చుకొనవచ్చును. జీవపరిణామమున దీనికెంత ప్రాధాన్యము కలదో జపానీయుడైన సుసుము ఓనో 1970లో ఒక గ్రంథముగా వ్రాసెను. ఇట్లు ఒక మూలమునుండి పుట్టి, వ్రాతలో పోలిక నిలుపుకొనిన జన్యువులను ఒక కుటుంబమందురు. ఒకే యింటిపేరు గలవారిలో ఒకరు వ్యవసాయమును, ఒకరు వైద్యమును చేయుచున్నట్లే యిదియు.

సోయాచిక్కుడు ఇందుకు మంచి నిదర్శనము. దాని జన్యుసంపద సమస్తమును చదివి 2010లో ప్రకటించిరి. అందు 46,430 జన్యువులు గుర్తింపబడినవి. వానిలో నూటికి సుమారు 75 జన్యువులు ఒకటికంటె ఎక్కువ ప్రతులు గలవి! సుమారు 5 కోట్ల 90 లక్షల యేండ్ల క్రిందట ఒకసారి, 1 కోటి 30 లక్షల యేండ్ల క్రిందట మఱియొకసారి దాని పూర్వుల క్రోమోసోములు రెట్టింపగుటయే దీనికి హేతువు. మొదటి రెట్టింపు చిక్కుడుజాతిలోని పెక్కు పైరులకు ఉమ్మడి. రెండవది సోయా వంశమునకు ప్రత్యేకము.

ఉప్పునకు సంబంధించిన కుటుంబములన్నియు మొదట పైరులలోనే కనుగొనబడినవి కావు. ఆవకుటుంబమునకు చెందిన అరబిడాప్సిస్ అను అల్పమైన కలుపుమొక్క శాస్త్రజ్ఞుల కెంతో ప్రియమైనది. 1996లో జియాన్‌కాంగ్ జూ బృందము ఉప్పును ఏమాత్రము ఓర్వలేని కొన్ని అరబిడాప్సిస్ మొలకలను ఏరి, వానిలో చెడిన జన్యువునకు ఎస్.ఓ.ఎస్.1 అని పేరిడిరి. ఉప్పునకు అతిగా లోబడునది అని దాని యర్థము. జన్యువు చేయు మేలునుబట్టి గాక, అది లేకున్న కలుగు కీడునుబట్టి పేరు పెట్టుట ఈ శాస్త్రములో ఒక వింత ఆచారము. నిజమునకు ఎస్.ఓ.ఎస్.1 సోడియమును కణము వెలుపలికి నెట్టు ద్వారపాలకుడు. సోడియమును రిక్తికలోనికి పంపునదని పేరుపడిన ఎన్.హెచ్.ఎక్స్.1 దాని దాయాదియే. అరబిడాప్సిస్‌లో ఈ కుటుంబమునకు 8 మంది సభ్యులు. దారువునుండి సోడియమును వెనుకకు లాగు హెచ్.కె.టి. కుటుంబము వేఱు. 2005లో నోనాబొక్రా అను ఉప్పునోర్చు పాత వరిరకమున ఆ రెండవ యుపాయమును నడపు జన్యువు ఈ కుటుంబములోనిదే యని తేలినది.

1999లో ఎడ్వర్డో బ్లుమ్‌వాల్డ్ బృందమువారు ఎన్.హెచ్.ఎక్స్.1 పని హెచ్చించిన అరబిడాప్సిస్ మొక్కలు అధికమగు ఉప్పునీటిలో పెరిగెనని ప్రకటింపగా, ఇక ఉప్పునేల సమస్య తీరినట్లేయని పలువురు సంబరపడిరి. తరువాతి పరిశోధనలలో ఆ జన్యువునకు పొటాసియమును సర్దుట, కణములోని ఆమ్లతను నిలుపుట అను పనులే ముఖ్యములని కనబడినది. కుండీలో గెలిచిన మొక్క పొలములో గెలుచునని నిశ్చయము లేదు. ఈ భేదమును గమనింపని వార్తలు నేటికిని పత్రికలలో కనబడుచునే యున్నవి.

ఇప్పుడు చిక్కుడుజాతికే మరలుదము. ఈ కథ బటానీతో ఆరంభించుట యుక్తము. మెండెలు 1866లో ప్రకటించిన ప్రయోగములలో గుండ్రని గింజలకును ముడుతలు గల గింజలకును సంకరము చేయగా, రెండవ తరమున 5,474 గుండ్రనివి, 1,850 ముడుతలవి వచ్చినవి. అనగా సుమారు 3కి 1. ఆ ముడుతకు కారణమేమో 1990 వరకు తెలియలేదు. ఆ యేట ఇంగ్లండులోని శాస్త్రజ్ఞులు ఆ జన్యువును పట్టుకొనిరి. పిండిపదార్థమును కూర్చు ఎంజైమునకు సంబంధించిన జన్యువు నడుమ, ఎక్కడినుండియో వచ్చిన సుమారు 800 అక్షరముల డి.ఎన్.ఏ. తునక దూరి కూర్చున్నది. వ్రాత తెగినది, ఎంజైము లేదు, గింజ ముడుతపడినది. క్రోమోసోములలో చోటు మార్చుచు తిరుగు ఇట్టి తునకలను మొక్కజొన్నలో కనుగొన్నందులకే బార్బరా మెక్లింటాకు 1983లో నోబెలు బహుమానము లభించినది.

ఇక సోయాచిక్కుడు. అమెరికాలో 'లీ' అను రకము ఉప్పునేలలో పచ్చగా నుండగా 'జాక్సను' అను రకము మాడిపోవుట 1960 ప్రాంతములలో గమనింపబడినది. జాక్సను ఆకులలో క్లోరైడు రాశిగా చేరుచుండెను. లీ రకము దానిని పైకి రానీయకుండెను. ఏబెల్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి రకములను సంకరము చేసి, క్లోరైడును ఆపు గుణము ఒకే జన్యువువలన కలుగు బహిర్గత లక్షణమని 1969లో తెలిపెను. మెండెలు బటానీలో చూచిన 3కి 1 పాళ్లే ఇక్కడను! అయితే ఆ జన్యువు ఏది? ఎక్కడ నున్నది? నలుబదియైదేండ్లు సమాధానము దొరకలేదు.

2014లో రెండు బృందములు వేఱువేఱుగా ఒకే చోటికి చేరినవి. చైనా, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 'టీఫెంగ్ 8' అను ఓర్పుగల రకమును, హాంగ్‌కాంగులోని లామ్ హాన్‌మింగ్ బృందము ఒక అడవిసోయాను ఆధారముగా గొని వెదకిరి. దొరికిన జన్యువు ఎస్.ఓ.ఎస్.1 కాదు, హెచ్.కె.టి. కాదు. అది సి.హెచ్.ఎక్స్. అను పెద్ద కుటుంబములోనిది. అరబిడాప్సిస్‌లో ఆ కుటుంబమునకు 28 మంది కలరు. వారిలో పెక్కుమంది పని ఏమో సరిగా తెలియదు. ఒక బృందము దానికి సాల్ట్3 అని పేరిడినది. దాని మాంసకృత్తు వేరులలో దారువును, ఆహారనాళములను చుట్టియున్న కణములలో, అదియును వెలుపలి పొరలో గాక కణములోపలి పొరలజాలమునందు, నివసించి సోడియము, క్లోరైడు పైకెక్కకుండ కాపాడును. మొదట క్లోరైడును, పిదప సోడియమును అడ్డగించునని 2016లో తెలిసినది.

మాడిపోవు రకములలో ఈ జన్యువు లేకపోలేదు. ఉన్నది, కాని విరిగియున్నది. కొన్ని రకములలో దాని మూడవ ఖండమున సుమారు 3,800 అక్షరముల తునక యొకటి దూరి కూర్చున్నది. ముడుతల బటానీకి పట్టిన గతియే ఇక్కడను! చిక్కుడుజాతికే చెందిన రెండు పైరులలో, నూటయేబదియేండ్ల యెడముతో వెలువడిన రెండు ఆవిష్కరణలలో, ఒకే విధమగు ప్రమాదము కనబడుట నాకు మిక్కిలి సొంపుగా తోచును. చైనాలోని నాటురకములను పరిశీలింపగా, మంచి ప్రతి గల రకములు ఉప్పునేలలున్న ప్రాంతములందే హెచ్చుగా కానవచ్చినవి. ఉప్పులేని సీమలలో జన్యువు విరిగినను పైరునకు నష్టము లేదు, రైతునకు తెలియదు. ఆ విత్తనమే ఉప్పునేలకు చేరిన దినమున లోపము బయటపడును.

జాక్సను కథకు ముగింపు 2016లో వచ్చినది. జపానులో పరిశోధించువారు బ్రెజిలు దేశపు రకమొకదానినుండి ఈ జన్యువు మంచి ప్రతిని, కేవలము సంకరముచేతనే, జాక్సనులోనికి తెచ్చిరి. ప్రతి తరమునను ఏ మొక్కలో ఆ ప్రతి యున్నదో డి.ఎన్.ఏ. గుర్తులచే చూచుకొనుచు ఏరిరి. అందుచే ఉప్పుమడిలో మొక్కలను చంపి చూడవలసిన పని తగ్గినది. ఉప్పుపొలములో ఈ జన్యువు గల మొక్కలు, అది లేనివానికంటె 3.6 మొదలు 5.5 రెట్లు గింజ నిచ్చినవి. వెలుపలి జీవినుండి ఏ శక్తియు తెచ్చి చేర్చలేదు. సోయా కుటుంబములోనే యుండి, కొన్ని యిండ్లలో పోయినదానిని మరల యింటికి చేర్చిరి.

మన మినుము, పెసర, కంది, శనగల సంగతి యేమి? హైదరాబాదు చెంత పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ నాయకత్వమున కంది జన్యుసంపద 2011లోను, శనగది 2013లోను ప్రకటింపబడినవి. పెసర 2014లో, సాగులోని వేరుశనగ 2019లో చదువబడినవి. అప్పటినుండి ఎన్.హెచ్.ఎక్స్. సభ్యులెందరు, హెచ్.కె.టి. సభ్యులెందరు అని ఒక్కొక్క పైరులో లెక్కించి పట్టికలు వ్రాయు వ్యాసములు పుంఖానుపుంఖముగా వెలువడుచున్నవి. గణనయంత్రమునకు ఇది కష్టమైన పని కాదు. ఓటర్ల జాబితా చూచి ఊరిలో ఈత వచ్చినవారెవరో చెప్పలేనట్లే, పట్టిక చూచి ఉప్పునోర్చు జన్యువేదో చెప్పజాలము. సోయాలోని జన్యువు పట్టికనుండి దొరకలేదు. పొలములో పచ్చగా నిలిచిన మొక్కనుండి వెనుకకు నడచిన వారికి దొరికినది. కావున ముందు అట్టి మొక్క కావలయును.

అట్టివి లేకపోలేదు. కర్నాలులోని కేంద్ర మృత్తికా లవణీయతా పరిశోధన సంస్థవారు, జన్యువు పేరు తెలిసికొననవసరము లేకయే, పొలములో ఏరి యేరి 'కరణ్ చనా 1' అను ఉప్పునోర్చు శనగరకమును రూపొందించిరి. మినుము, పెసరలకు దాయాదియైన 'విగ్నా మరీనా' అను తీగ ఉష్ణదేశముల సముద్రతీరపు ఇసుకలో, అలల తుంపరలు తగులుచుండగా, పచ్చగా ప్రాకి పూయుచుండును. దాని వేరులు సోడియమును వెలికి నెట్టు తీరును జపాను శాస్త్రజ్ఞులు శ్రద్ధతో పరిశీలించుచున్నారు. దానినుండి మినుమునకు ఆ గుణమును తెచ్చుట సులభము కాదు. దూరపు దాయాదుల సంకరము తరచుగా ఫలింపదు. మఱియు మన డెల్టాలో ఉప్పుతోబాటు నీటిముంపును కలదు. ఊపిరియాడని వేరునకు సోడియమును నెట్టు శక్తియే చాలదు. కాన మురుగు కాలువ త్రవ్వి, మంచినీటితో ఉప్పును కడిగి పంపు పాతపద్ధతిని ఏ జన్యువును మాన్పింపజాలదు.

పాఠశాలలో చేయదగిన ప్రయోగమొకటి కలదు. అడుగున రంధ్రమున్న మట్టికుండీలు పన్నెండు తెచ్చి, కడిగిన ఇసుకలో కొంచెము పశువుల యెరువు కలిపి నింపుడు. మూడు వేఱువేఱు ఊళ్లనుండి నాటు మినుములు తెచ్చి, ఒక్కొక్క ఊరి విత్తనమునకు నాలుగేసి కుండీలు కేటాయింపుడు. ఊరిపేరును కుండీపై సున్నముతో వ్రాయుడు. సముద్రమునకు దగ్గఱి ఊరొకటియైన ఉండుట మేలు. రెండాకులు వచ్చువరకు అన్నింటికి మంచినీరే పోయుడు. పిమ్మట ప్రతి ఊరి కుండీలలో ఒకదానికి మంచినీటిని, తక్కినవానికి లీటరునకు 1, 2, 3 గ్రాముల ఉప్పు కలిపిన నీటిని, అడుగునుండి కొంత కారిపోవునంతగా పోయుడు. లీటరునకు 1 గ్రాము ఉప్పు ఆ నీటిలో సుమారు 2 ప్రమాణములకు సమానము. ప్రతిదినమును ఒకే వేళకు ఆకులు చూచి, అంచు మాడుట మొదట ఏ కుండీలో, క్రింది యాకుననా పై యాకుననా కనబడినదో తేదీతో వ్రాసికొనుడు. నలుబదవ దినమున మొక్కలను మెల్లగా పెఱికి, వేరులు కడిగి, బుడిపెలను లెక్కింపుడు. ఒకటి రెండు బుడిపెలను గోటితో చిదిమి, లోపల ఎఱుపు కలదో లేదో కూడ చూడుడు. పని చేయుచున్న బుడిపె ఎఱ్ఱగా నుండును.